పెద్ద పనియు నిజమైన లెక్కయు

ధ్యానభాగములు: లూకా 14:28–30, నెహెమ్యా 2–6 అధ్యాయములు



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. ఆ రెంటిలో ఏదైన తలపెట్టినవారికి ఆ మాటలోని బరువు తెలియును. ప్రార్థన చేసి పునాదిరాయి వేసిన నాడు ఊరంతయు వచ్చును. గోడలు నడుమెత్తు లేచి నిలిచిపోయిన నాడు ఎవరును రారు. పల్లెదారులలో ప్రయాణము చేయువారికి అట్టి గోడలు అక్కడక్కడ కనబడుచునే యుండును: కప్పు పడని బడి, నీరు రాని బావి, తలుపులు పెట్టక మునుపే తుమ్మమొక్కలు మొలచిన మందిరము. గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానము అట్టి ప్రతి గోడ దగ్గరను జ్ఞాపకమునకు వచ్చును.

అయితే ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఆ ఉపమానమునకు ఒక అడుగు అవతల నున్నది. లెక్క చూచుకొనియే పని మొదలుపెట్టితిమి అనుకొందము. సగములో ఆ లెక్క తప్పని తేలినది. అప్పుడు ఏమి చేయవలెను? పట్టిన పనిని విడువకుండుట మంచిగుణమని మనము చిన్ననాటనుండి నేర్చుకొంటిమి. నాగటిమీద చెయ్యి పెట్టినవాడు వెనుకకు చూడరాదని కూడ విన్నాము. మరి తప్పుదారిని పోవుచున్నానని తెలిసికొనినవాడు ఆగుట పిరికితనమా, వివేకమా? పట్టుదలకును మొండితనమునకును నడుమ గీత ఎక్కడ నున్నది?

ఈ ప్రశ్నకు ఊహించి చెప్పు జవాబుకంటె జరిగిన సంగతులు చెప్పు జవాబు స్పష్టముగా నుండును. ఒకే చోట, ఒకే పనిని, ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు చేపట్టి, ఒకరు కూలిపోయి ఒకరు ముగించిన సందర్భము చరిత్రలో అరుదు. పనామా కాలువ అట్టిది.

భూపటము తెరచి చూడుడు. ఉత్తర అమెరికాను దక్షిణ అమెరికాను కలుపు నేల సన్నబడిన చోట పనామా దేశమున్నది. ఒక వైపున అట్లాంటిక్ మహాసముద్రము, మరియొక వైపున పసిఫిక్ మహాసముద్రము. నడుమ కాలువ పోవు దూరము సుమారు 80 కిలోమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి నేల అడ్డమైనందున ఓడలు దక్షిణ అమెరికా ఖండమంతయు చుట్టి వేలకొలది మైళ్లు పోవలసివచ్చెను. అక్కడ కాలువ త్రవ్వవలెనను తలంపు మంచిదే. దానికి పూనుకొనిన మనుష్యుడును సామాన్యుడు కాడు. ఫెర్డినాండ్ డి లెసెప్స్ అను ఫ్రెంచి దేశస్థుడు సూయెజ్ కాలువను త్రవ్వించి 1869లో దానిని ఓడలకు తెరపించినవాడు. అతడు ఇంజనీరు కాడు. రాయబారి ఉద్యోగము చేసినవాడు. కాని ధైర్యము గలవాడు, మాటనేర్పరి, అలసట నెరుగనివాడు. సూయెజ్ కాదన్నవారందరు తప్పని అతడు లోకమునకు చూపెను. అతని ఆపద కూడ అక్కడనే మొదలాయెను.

సూయెజ్ నేల ఎడారి. చదునైన ఇసుకనేల, వాన లేదు. రెండు సముద్రముల నీరు ఒకే మట్టమున కలియునట్లు త్రవ్వుకొనిపోయిన చాలెను. పనామా అట్లు కాదు. నడుమ కొండలు, దట్టమైన అడవి, సంవత్సరములో ఎక్కువ నెలలు వాన, ఒక్క గట్టి వానకే పొంగి వచ్చు చాగ్రెస్ అను నది. అయినను డి లెసెప్స్ అక్కడ కూడ సముద్రమట్టమున కాలువ త్రవ్వవలెననెను. ఒకసారి తెరచిన తాళపుచెవి అన్ని తలుపులకు పట్టునని తలంచెను.

1879 మే నెలలో పారిస్ పట్టణమున ఈ సంగతి తేల్చుటకు పెద్ద సభ జరిగెను. అక్కడ గొడిన్ డి లెపినే అను ఇంజనీరు లేచి వేరొక మార్గము చెప్పెను. కొండను సముద్రమట్టమువరకు కోయవద్దు. నదికి ఆనకట్ట కట్టి ఎత్తున ఒక పెద్ద చెరువు చేయుడు. ఓడలను లాకులద్వారా చెరువులోనికి ఎక్కించి ఆవలి వైపున దించుడు అని అతని సలహా. కృష్ణా గోదావరి కాలువగట్లమీద పెరిగినవారికి లాకులనగా ఏమో చెప్పనక్కరలేదు. పడవను ఒక పెద్ద తొట్టివంటి దానిలోనికి రానిచ్చి, తలుపులు మూసి, నీరు నింపి, పై మట్టమునకు ఎత్తుదురు. ఆ సలహా ఎవరి చెవికి ఎక్కలేదు. సభకు పిలువబడిన 136 మందిలో సముద్రమట్టపు కాలువకు 74 మంది ఓటు చేసిరి; 8 మంది మాత్రము కాదనిరి; మిగిలినవారు ఓటు చేయకయో, సభలో లేకయో ఉండిరి. ఆ ఎనిమిదిమందిలో లెపినే ఒకడు.

మరుసటి సంవత్సరము పనామాకు పోయి చూచివచ్చిన ఇంజనీర్ల సంఘము ఈ పనికి సుమారు 84 కోట్ల ఫ్రాంకులు పట్టునని అంచనా వేసెను. డి లెసెప్స్ ఆ అంకెను తన చేతితో సుమారు 66 కోట్లకు దించి ప్రజలకు చెప్పెను. గమనించుడి. పని పెరిగినదియు లేదు, తగ్గినదియు లేదు. కొండ ఎత్తు ఒక అంగుళము తగ్గలేదు. తగ్గినది కాగితముమీది అంకె మాత్రమే. ఉపమానములోని మనుష్యుడు కూర్చుండి లెక్క చూచుకొనలేదు. ఇతడు కూర్చుండెను, లెక్క చూచెను, చూచిన తరువాత ఆ లెక్కను దిద్దెను. ఏది ఎక్కువ తప్పు?

1881లో పని మొదలాయెను. వానలకు కోసిన గట్లు జారి పడుచుండెను. త్రవ్వినకొలది ఇంకను త్రవ్వవలసివచ్చెను. వీటికంటె ఘోరమైనవి జ్వరములు: ఒకటి మలేరియా, రెండవది ఎల్లో ఫీవర్ అను పచ్చజ్వరము. కంపెనీవారు ఆసుపత్రి కట్టకపోలేదు. మంచి ఆసుపత్రినే కట్టిరి. కాని అక్కడ చీమల బాధ మెండు. మనము ఇండ్లలో తినుబండారముల బీరువా కాళ్లక్రింద నీళ్ల గిన్నెలు పెట్టినట్లు, వారు రోగుల మంచపుకాళ్లను నీళ్ల గిన్నెలలో నుంచిరి. తోటలో మొక్కలచుట్టును నీటితొట్లు కట్టిరి. ఆ నీళ్లలో దోమలు పెరిగెను. ఆ దోమలే పచ్చజ్వరమును ఒక మంచమునుండి మరియొక మంచమునకు మోసెను. వేరొక జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవాడు పచ్చజ్వరముతో చనిపోయెను. మేలు చేయగోరి పెట్టిన గిన్నెలోనే మరణము పెరిగినది.

అది వారు తెలియక చేసినది, గనుక వారిని నిందింపవద్దు. కాని ఒక సంగతి మనస్సున నుంచుకొనుడి. పనామాలో పని మొదలైన ఆ 1881లోనే, దగ్గరలోనున్న క్యూబా ద్వీపములో కార్లోస్ ఫిన్లే అను వైద్యుడు పచ్చజ్వరము దోమవలన వచ్చునని చెప్పెను. దాదాపు 20 సంవత్సరములు పెద్దలు ఆ మాట నమ్మలేదు. నిజము చాల సారులు అట్లే వచ్చును: మెల్లని గొంతుతో, పేరులేనివాని నోట.

1883లో జూల్స్ డింగ్లర్ అను పెద్ద ఇంజనీరు భార్యాబిడ్డలతో వచ్చి పని నడిపించుటకు పూనుకొనెను. సంవత్సరము పైచిలుకులో కూతురు పోయెను, కొడుకు పోయెను, చివరకు భార్యయు పోయెను. అధికారి ఇంటనే ఇట్లుండగా కూలివారి సంగతి చెప్పనేల? ఫ్రెంచివారి కాలములో ఆ పనిలో చనిపోయినవారు 20 వేలకు పైబడి యుందురని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది జమైకా మున్నగు ద్వీపములనుండి పొట్టకూటికి వచ్చిన నల్లజాతి కూలివారు.

ఈ వార్తలు ఫ్రాన్సు దేశమునకు చేరవలసినట్లు చేరలేదు. కంపెనీ పత్రికలకు డబ్బిచ్చి మంచిమాటలే వ్రాయించెను. అప్పుమీద అప్పు ఎత్తెను. ఒక క్రొత్త అప్పునకు అనుమతి పొందుటకు శాసనసభ సభ్యులకు లంచములు పోయెను. 1887లో, మరి దిక్కులేక, లాకులు కట్టుదమని డి లెసెప్స్ ఒప్పుకొనెను. లెపినే చెప్పిన మాటను వినుటకు అతనికి 8 సంవత్సరములు పట్టెను. అప్పటికి డబ్బు లేదు, నమ్మకము లేదు. 1889 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసెను. 140 కోట్ల ఫ్రాంకులకు పైగా ఖర్చయిపోయెను. వాటాలు, ఋణపత్రములు కొనినవారు సుమారు 8 లక్షలమంది. వారిలో కోటీశ్వరులు కొద్దిమందియే. చిన్న దుకాణదారులు, విధవరాండ్రు, కూతురి పెండ్లికి దాచుకొనిన రైతులు అనేకులు.

డి లెసెప్స్ దొంగయా? తన జేబు నింపుకొనుటకు అతడీ పని చేయలేదు. సోమరియా? 70 యేండ్లు దాటిన తరువాత సముద్రములు దాటి తిరిగినవాడు సోమరి కాడు. అతనిలో పట్టుదల లేదా? అది కావలసినదానికంటె ఎక్కువగానే యుండెను. అతనిలో లేనిది ఒక్కటే. తన తలంపునకు వ్యతిరేకమైన నిజము వచ్చినప్పుడు దానికి పీట వేసి కూర్చుండబెట్టు మనస్సు లేదు. ఆ లోపమువలన కలిగిన నష్టమును అతడు ఒక్కడే చెల్లింపలేదు. అడవిలో చనిపోయిన కూలివాడును, పల్లెలోని విధవరాలును చెల్లించిరి. మొండితనమునకు ఇది మొదటి గురుతు. మొండివాని అప్పును ఎప్పుడును ఇతరులే తీర్చుదురు.

1904 మే నెలలో అమెరికా ప్రభుత్వము ఆ పనిని చేత పట్టెను. వారు ఫ్రెంచివారికంటె బుద్ధిమంతులని తొందరపడి అనుకొనవద్దు. మొదటి సంవత్సరము వారును అదే త్రోవను పోయిరి. మట్టి ఎప్పుడు లేచును, పని ఎప్పుడు కనబడును అని దేశములో ప్రజలు తొందరపెట్టుచుండిరి. గనుక ఉండుటకు ఇండ్లు లేకుండగనే మనుష్యులను దింపిరి. మోయుటకు బండ్లు లేకుండగనే త్రవ్వించిరి. 1905లో పచ్చజ్వరము మరల లేవగా వందలకొలది ఉద్యోగులు ఓడలెక్కి పారిపోయిరి. పెద్ద ఇంజనీరే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయెను.

అతని స్థానమున 1905 జూలై చివర జాన్ స్టీవెన్స్ అను రైలుమార్గపు ఇంజనీరు వచ్చెను. కొండకోత జరుగు చోట్లన్నిటిని కాలినడకను తిరిగి చూచెను. కొద్దిదినములకే అతడిచ్చిన ఆజ్ఞ విని అందరు ఆశ్చర్యపడిరి. త్రవ్వుట ఆపుడి అని ఆ ఆజ్ఞ.

ఒక్క క్షణము ఆ మనుష్యుని స్థితిని తలంచుకొనుడి. దేశమంతయు త్రవ్వు త్రవ్వు అనుచున్నది. క్రొత్తగా వచ్చిన అధికారి పని చూపవలెను. అట్టివాడు యంత్రములను నిలిపివేసి ఇండ్లు కట్టించెను, భోజనశాలలు కట్టించెను, మంచినీటి గొట్టములు వేయించెను, మురుగుకాలువలు తీయించెను. పాత రైలుదారిని తీసివేసి గట్టి పట్టాలతో క్రొత్తది వేయించెను. త్రవ్వుట కష్టము కాదు, త్రవ్విన మట్టిని ఎత్తి దూరముగా పోయుటయే కష్టమని అతడు కనిపెట్టెను. బండి లేనివాడు ఎంత త్రవ్వినను తన గోతిలో తానే పూడిపోవును.

అంతకంటె ముఖ్యముగా, విలియం గోర్గస్ అను వైద్యునికి అడిగినంత మనుష్యులను, సామగ్రిని ఇచ్చెను. అప్పటివరకు పైవారు ఆ వైద్యుని దోమల మాటను నవ్వులాటగా తీసికొనిరి. గోర్గస్ మనుష్యులు ఇల్లిల్లు తిరిగి పొగ వేసిరి. నీళ్లకుండలకు మూతలు పెట్టించిరి. మడుగులమీద నూనె పోసిరి. కిటికీలకు సన్నని తీగవలలు బిగించిరి. 1905 నవంబరు తరువాత పనామా పట్టణములో పచ్చజ్వరముతో చనిపోయినవారు లేరు.

ఈ సంగతిలో మన దేశమునకు కూడ ఒక భాగమున్నది. మలేరియా దోమవలన వచ్చునని నిరూపించుటకు త్రోవ తీసినది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన అక్కడ సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్, రోగి రక్తము త్రాగిన దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. ఉక్కపోతలో, చిన్న గదిలో, దోమ తరువాత దోమను కోసి చూచిన ఓపిక అది. ఏడు సముద్రముల అవతల కొండను త్రవ్వుటకు కావలసిన జ్ఞానములో ఒక పాలు హైదరాబాదు ప్రక్కనుండి పోయినది. పెద్ద పనులు ఎప్పుడును అట్లే జరుగును. పేరు ఒకరికి వచ్చును. చేతులు వెయ్యి యుండును.

స్టీవెన్స్ ఇంకొకటి చేసెను. సముద్రమట్టపు కాలువయే మేలని అతని దేశములోను పలువురు తలంచుచుండిరి. చాగ్రెస్ నది వరదను కన్నులార చూచిన తరువాత లాకులే సరియైనవని అతడు నిశ్చయించుకొని, వాషింగ్టనుకు పోయి పెద్దలకు నచ్చజెప్పెను. 1906 జూన్‌లో అమెరికా సెనేటు సభలో 36 ఓట్లకు 31 ఓట్లతో లాకుల పద్ధతి నెగ్గెను. చాగ్రెస్‌కు గాటూన్ అను చోట ఆనకట్ట కట్టిరి. సముద్రమునకు 26 మీటర్ల ఎత్తున గొప్ప చెరువు నిండెను. పని పాడుచేయుచున్న నదియే ఓడలను మోయు నీరాయెను. పద్ధతి మారెను, గురి మారలేదు. రెండు సముద్రములను కలుపవలెననునది గురి. ఏ మట్టమున కలుపవలెననునది పద్ధతి మాత్రమే. పట్టుదలగలవాడు గురిని విడువడు, అవసరమైతే పద్ధతిని విడుచును. మొండివాడు పద్ధతినే గురి అనుకొని, దానికొరకు అసలు గురిని పోగొట్టుకొనును.

1907లో స్టీవెన్స్ వెళ్లిపోగా జార్జి గోథల్స్ అను సైనిక ఇంజనీరు వచ్చెను. అతడు పనిని అట్లాంటిక్ వైపు, నడుమ, పసిఫిక్ వైపు అని మూడు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్కరిని బాధ్యునిగా నిలిపెను. వారమునకొక పత్రికను అచ్చువేయించి, ఏ భాగములో ఎంత మట్టి లేచినదో అందులో ప్రకటింపజేసెను. ఆదివారము ఉదయమున తన కచ్చేరి తలుపులు తెరచి, ఏ కూలివాడైనను వచ్చి తన ఫిర్యాదు చెప్పుకొనవచ్చుననెను. జీతము సరిగా రాలేదనియు, మేస్త్రీ తిట్టెననియు, కూడు బాగులేదనియు వారు చెప్పుచుండగా అతడు కూర్చుండి వినెను. పెద్దవాని సమయమునకు అది తగినదా అని మనకు తోచవచ్చును. కాని పైనున్నవానికి క్రింది నిజము చేరు దారి మూసికొనిపోయినప్పుడే కదా ఫ్రెంచి కంపెనీ మునిగినది.

కష్టములు అంతటితో తీరలేదు. 1907లో ఒకసారి, 1913లో మరియొకసారి కొండచరియలు జారి, త్రవ్విన చోటు మరల పూడిపోయెను. గోథల్స్ మనుష్యులు మరల త్రవ్విరి. ఇది మొండితనము కాదా అని ఎవరైన అడుగవచ్చును. కాదు. నష్టమెంతో వారికి తెలియును, దానిని దాచలేదు; పద్ధతి సరియైనదని పరీక్షించి చూచుకొనిరి; గట్లను మరింత వాలుగా కోసిరి. నిజము తెలిసియుండి మరల పార పట్టుట పట్టుదల. నిజమును కప్పిపెట్టుటకు పార పట్టుట మొండితనము. చూచువారికి రెండును ఒకేవిధముగా కనబడును, పార ఒక్కటే గనుక. 1914 ఆగస్టు 15వ తేదీన ఆన్‌కాన్ అను ఓడ ఒక సముద్రమునుండి రెండవ సముద్రమునకు దాటిపోయెను.

ఇక్కడ కథ ముగించి చప్పట్లు కొట్టుట సులభము. అయితే నిజమైన లెక్క అనుచు మొదలుపెట్టినవారము గనుక మిగిలిన పద్దులను కూడ చదువవలెను. అమెరికావారి కాలములో జబ్బులవలనను ప్రమాదములవలనను చనిపోయినవారు 5,609 మందియని లెక్క వ్రాయబడియున్నది. వారిలో సుమారు 4,500 మంది నల్లవారు. బార్బడోస్, జమైకా మున్నగు ద్వీపములనుండి వచ్చిన కూలివారు. 1908 డిసెంబరు 12న కొండలో కూరిన మందుగుండు వేళకు ముందే పేలి 23 మంది మరణించిరి. జీతపు పట్టీలు రెండుండెను: ఒకటి బంగారు పట్టీ, రెండవది వెండి పట్టీ. బంగారు పట్టీలో ఇంచుమించుగా తెల్లవారే. వారికి మంచి ఇండ్లు, మంచి భోజనము, సెలవులు. వెండి పట్టీలోనివారికి తక్కువ కూలి, హీనమైన వసతి, వేరు దుకాణము, వేరు బడి. చెరువు నిండినప్పుడు దాని క్రింద ఊళ్లు మునిగెను. అందలి జనులు లేచిపోవలసివచ్చెను.

తక్కువ కులమని, పేదవారని ఒకప్పుడు ఊరిబావికి దూరముగా నిలువబెట్టబడిన పెద్దల సంతతి ఈ పత్రిక చదువువారిలో అనేకులున్నారు. గనుక వెండి పట్టీ అనగా ఏమో మనకు విడమరచి చెప్పనక్కరలేదు. పని ముగిసినది గనుక చేసినదంతయు సరియే యనుట న్యాయము కాదు. ఫలితము గొప్పదైనప్పుడు దానిక్రింద పడినవారిని మరచుట మనుష్యులకు అలవాటు. డి లెసెప్స్ డబ్బు అంకెను తగ్గించి వ్రాసెను. తరువాతివారు మనుష్యుల అంకెను తక్కువ విలువకు వ్రాసిరి. రెండును తప్పులెక్కలే.

ఇప్పుడు నెహెమ్యా గ్రంథము తెరచి చూచిన యెడల ఆ పాత పుటలు క్రొత్తగా కనబడును. యెరూషలేమునకు చేరి మూడు దినములున్న తరువాత నెహెమ్యా రాత్రివేళ కొద్దిమందితో లేచి, కూలిన గోడలను కాలిన గుమ్మములను తిరిగి చూచెను. చూచిన తరువాతనే పెద్దలతో మాటలాడెను. మూడవ అధ్యాయమంతయు పేర్లే. ఎవరు ఏ గుమ్మము కట్టిరో, ఎవరు తమ ఇంటికి ఎదురుగానున్న ముక్క బాగుచేసిరో వ్రాయబడినది. అది చప్పగానున్నదని మనము దాటిపోదుము. కాని పనివాని పేరును గొప్పవాని పేరు ప్రక్కన వ్రాసిన పట్టీ అది. అయిదవ అధ్యాయములో మరింత విలువైన సంగతి యున్నది. శత్రువులు పొంచియుండగా, పని సగములో నుండగా, బీదలు మొఱపెట్టిరి. పొలములు కుదువపెట్టి తింటిమి, బిడ్డలను దాసులుగా ఇచ్చుకొనుచున్నామనిరి. ఇప్పుడు కాదు, గోడ ముగియనిమ్మని నెహెమ్యా అనవచ్చును. అట్లనలేదు. సభ కూర్చి, అప్పిచ్చిన ప్రధానులను నిలదీసి, తీసికొన్నది తిరిగి ఇప్పించెను. గోడ 52 దినములలో ముగిసెను. గోడవలన కాపాడబడవలసిన ప్రజలనే గోడకొరకు నలిపివేయరాదని అతనికి తెలియును.

మన ఊళ్లలో ఎవరును సముద్రములను కలుపరు. కాని మందిరము కట్టుదుము, బడి కట్టుదుము, చెరువు పూడిక తీయుదుము, కుమార్తె పెండ్లి చేయుదుము, బోరుబావి వేయించుదుము. మనకు అవే పనామాలు. వాటిలో పాటింపదగిన సంగతులు కొన్ని గలవు.

మొదటిది: అంచనా వేసినవాడు చెప్పిన అంకెను నచ్చలేదని దించవద్దు. మేస్త్రీ 10 లక్షలనిన, సంఘమునకు భయము కలుగునని 7 లక్షలని చెప్పుట విశ్వాసము కాదు. ఆ 3 లక్షలు తరువాత ఎవరినుండి వచ్చునో ముందే అడుగుడి. తరచుగా అవి కూలివాని బాకీగా మిగిలిపోవును.

రెండవది: మట్టి లేచుట చూడవలెనను ఆతురతను అణచుకొనుడి. నీరు, నీడ, త్రోవ, ఇసుక ఎక్కడనుండి వచ్చును, లెక్క ఎవరు వ్రాయుదురు అనువాటిని ముందు కుదుర్చుకొనుడి. ఇవి ఫోటో తీయుటకు పనికిరాని పనులు. పని నిలుచుట పడుట వీటిమీదనే యుండును.

మూడవది: ఏ భాగము ఎవరిదో పేరుపెట్టి చెప్పుడి. అందరిది అనబడిన పని ఎవరిదియు కాకుండ పోవును. వచ్చిన సొమ్మును, ఖర్చయిన సొమ్మును నెలనెల గోడకు అంటింపుడి. తగ్గినప్పుడు కూడ అంటింపుడి. అప్పుడే దానికి విలువ.

నాల్గవది: చేదుమాట చెప్పువానికి దారి తెరచియుంచుడి. గోడ వంగినదని ముందుగా చూచువాడు ఇటుకలు మోయువాడే. అతడు చెప్పగా కోపపడిన యెడల రెండవసారి చెప్పడు. గోడ మాత్రము వంగక మానదు.

అయిదవది: మంచిదని మనము పెట్టిన నీళ్లగిన్నెను అప్పుడప్పుడు వంగి చూడుడి. ఒకప్పుడు మేలుచేసిన ఏర్పాటు ఇప్పుడు కీడును పెంచుచుండవచ్చును. బీదలకు సాయముగా మొదలైన చిట్టీ, అప్పులు ఎక్కించు యంత్రముగా మారియుండవచ్చును. మన మంచి ఉద్దేశము దోమలకు తెలియదు.

ఇట్లు ప్రతి అడుగునకు ఆగి చూచుచుండిన పని ఎప్పటికి ముగియును అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఆగుట కూడ ఒక రోగము కావచ్చును. సంఘములో నాలుగు సభలు కూడి నాలుగు తీర్మానములు వ్రాసికొని ఒక్క రాయి వేయనివారును కలరు. స్టీవెన్స్ ఊరక ఆగలేదు. ఎందుకు ఆగుచున్నాడో, ఏమి కుదిరిన తరువాత మొదలుపెట్టునో అతనికి తెలియును. త్రవ్వుట ఆగెను గాని మనుష్యులు ఒక్క దినము ఖాళీగా లేరు. గనుక మనము ఆగినను సాగినను మనలను మనము మూడు ప్రశ్నలు అడుగుకొందము. నేను పట్టుకొనియున్నది గురినా, నా మాట నెగ్గవలెనను పంతమునా? నాకు తెలిసిన లెక్క నా తోటివారికందరికిని తెలియునా? నా పట్టుదలకు వెల చెల్లించువాడు నేనా, మరియొకడా? ఈ మూటికి వెలుగులో నిలిచి జవాబు చెప్పగలవాడు సాగిపోవచ్చును. చెప్పలేనివాడు పార క్రిందపెట్టి కొంచెము కూర్చుండవలెను.

పనామా కాలువ 1999 డిసెంబరు 31న ఆ దేశ ప్రజల స్వాధీనమాయెను. 2016లో మరింత పెద్ద లాకులు తెరచిరి. 2023లో వానలు తగ్గి గాటూన్ చెరువు మట్టము పడిపోగా, దాటు ఓడల సంఖ్యను తగ్గింపవలసివచ్చెను; ప్రతి ఓడయు చెరువునీటిని కొంత సముద్రమునకు వదలి పోవును గనుక. 100 ఏండ్లు పైబడినను అక్కడ ప్రతి దినము కూర్చుండి నీటిలెక్క చూచుచునే యున్నారు. కట్టుట ముగిసినను లెక్క చూచుట ముగియదు.

గోపురము కట్టువాడు కూర్చుండవలెనని ప్రభువు చెప్పెను. కూర్చుండుట అనగా వేగము తగ్గించుకొనుట. నిలిచియున్నవానికి కనబడనిది కూర్చుండినవానికి కనబడును. ఈ నెలలో మీ సంఘములో గాని, మీ ఇంటిలో గాని సగములో నిలిచిన పని యేదైన నున్న యెడల, దాని దగ్గరకు పోయి కూర్చుండుడి. ఇటుకలు మోసినవానిని పిలువుడి. బాకీపడిన కూలిని ముందు లెక్కవేయుడి. తరువాత సాగవలెనో, మార్చవలెనో, ఆపవలెనో కలిసి తేల్చుకొనుడి. ప్రభువు మన చేతిపనిలో సత్యమును నిలుపును గాక.